మిక్సీ ఆపిన మీటింగు

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వడిగిన డబ్బు నిన్న సాయంత్రమే నీ ఖాతాలో వేశాను. రెండు నెలల ఈఎంఐకి సరిపోతుంది. దానికి షరతులేమీ లేవు. ఎప్పుడు తిరిగిస్తావన్న మాట ఇప్పుడు ఎత్తకు. ఉద్యోగం పోయిన సంగతి నాన్నకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. ఇకముందు కూడా నా నోటి నుంచి రాదు. కానీ ఆయనకి తెలియాలి. నీ నోటితోనే తెలియాలి, అదీ ఈ వారంలోనే. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే పక్కగదిలో అమ్మ ఉంటుందని నువ్వు "ఊ", "సరే అత్తా" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. అందుకని కాగితం మీద రాసి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. తలుపేసుకుని ఎలాగూ కూర్చుంటున్నావు కదా, తీరిగ్గా చదువు.

మొన్న గురువారం వదినతో మాట్లాడాను. కొబ్బరి పచ్చడి రోట్లో నూరిందట. నిజాంపేటలో ఆరో అంతస్తులో రోలేమిటి వదినా అంటే, "చిన్న కల్వం ఉందిలే, మిక్సీ వేస్తే వాడికి మీటింగులో ఇబ్బంది" అంది. కుక్కర్ కూత రాబోతుంటే పరుగెత్తి స్టవ్ ఆపేస్తోందట. నీ కొడుకు టీవీ శబ్దం తీసేసి బొమ్మలు మాత్రం చూస్తున్నాడట. మీ నాన్న దగ్గు వస్తే బాల్కనీలోకి వెళ్ళి దగ్గి వస్తున్నాడట. ఇదంతా మీ అమ్మ ఎంత గర్వంగా చెప్పిందనుకున్నావు! మూడు వారాల నుంచి లేని మీటింగు కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని తిరుగుతోందిరా.

నాకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. ఆ తలుపు వెనక నువ్వు పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి ఏం చేస్తుంటావా అని ఆలోచించాను. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, మధ్యమధ్య ఇంగ్లీషులో నాలుగు మాటలు పైకి అనాలి, లంచ్‌కి బయటికొచ్చినప్పుడు విసుగు మొహం పెట్టాలి. ఇది నువ్వు చేసిన డెలివరీ మేనేజర్ పనికంటే కష్టం. పైగా జీతం లేదు, సెలవు లేదు.

ఉద్యోగం పోవడం గురించి మన ఇంట్లో నీకు చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి కాస్త పాత కథ చెబుతాను, ఓపిక పట్టు.

నేను మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్ రాసే రోజుల్లో మా పని చేసేవాళ్ళకి ఎక్కడలేని గిరాకీ. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములన్నీ 2000 జనవరి 1న తికమకపడతాయని ప్రపంచమంతా భయపడింది. వాటిని దిద్దే పనికి హైదరాబాద్ నుంచి విమానాల నిండా మనుషుల్ని తీసుకెళ్ళారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. చుట్టూ బండరాళ్ళు, మధ్యలో ఆ గుండ్రటి భవనం. దాన్ని చూడ్డానికి ఊళ్ళ నుంచి చుట్టాలొచ్చేవారు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోబాల్ బోర్డు లేని మెట్లదారి ఉండేది కాదు. తీరా ఆ జనవరి వచ్చింది, వెళ్ళింది. పని బాగా చేశాం కాబట్టి ఏమీ కూలలేదు, ఏమీ కూలలేదు కాబట్టి ఇక మాతో పని లేదు. అదే ఏడాది మార్చి దాటాక అమెరికాలో డాట్‌కామ్ షేర్లు దిగడం మొదలైంది. 2001కల్లా మా కంపెనీలో బెంచి మీద కూర్చున్నవాళ్ళ పేర్లు ఒక్కో శుక్రవారం కొన్ని చొప్పున చదివారు. ఒక శుక్రవారం నా పేరు వచ్చింది.

నువ్వప్పుడు ఇంటర్‌లో ఉన్నావు, ఎంసెట్ గోల తప్ప నీకేం పట్టేది కాదు. మీ మావయ్య స్కూటర్ మీంచి పడి కాలు విరిగి మంచం మీద ఉన్నది కూడా ఆ రోజుల్లోనే. ఇల్లు గడవాలి. అప్పట్లో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని ఒక పని ఉండేది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక వివరాలు టేపులోకి చెప్పేస్తారు, మనం ఇక్కడ విని టైపు చేసి పంపాలి. వాళ్ళకి పగలు, మనకి రాత్రి. కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. తొక్కితే మాట నడుస్తుంది, మడమ వెనక్కి నొక్కితే రెండు క్షణాలు వెనక్కి పోతుంది. డబ్బు లైనుకింత. కొందరు డాక్టర్లు సాండ్‌విచ్ తింటూ చెప్పేవాళ్ళు. మింగిన మాట రక్తపోటో రక్తహీనతో తేల్చుకోవడానికి ఆ పెడల్‌ని పదేపదే వెనక్కి నొక్కేదాన్ని. ప్రోగ్రామర్‌గా టీమ్ నడిపినదాన్ని, నాకంటే పదేళ్ళు చిన్న పిల్ల నా తప్పులు లెక్కపెట్టేది. అవమానం అనిపించిందా అని అడుగుతావేమో. అనిపించింది. ఒకటో తారీఖున ఇంటి అద్దె కట్టాక తగ్గింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. నాకు మళ్ళీ పాత పని ఎలా దొరికిందో నీకు తెలుసా? మీ నాన్న వల్ల.

అన్నయ్య ఎల్‌ఐసీ ఏజెంటు కదా. నాకు ఉద్యోగం పోయిందని తెలిసిన మర్నాటి నుంచి ఏ ఇంటికి ప్రీమియం కోసం వెళ్ళినా ముందు ఆ సంగతే. "మా చెల్లికి ఉద్యోగం పోయిందండీ, కంప్యూటర్ పని బాగా వచ్చు, ఎక్కడన్నా ఉంటే చెప్పండి." కిరాణా కొట్లో చెప్పాడు, రైల్లో చెప్పాడు, నాకు సంబంధం చూసి వద్దనుకున్నవాళ్ళ ఇంట్లో కూడా చెప్పాడు! పరువు తీస్తున్నావన్నయ్యా అని ఫోన్లో అరిచాను. "పోయింది నీ ఉద్యోగమే, నువ్వేమైనా దొంగతనం చేశావా?" అన్నాడు. ఆయన పాలసీదారు ఒకాయన కొడుకు ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూసే కంపెనీలో ఉన్నాడు. అక్కడ పాత కోబాల్ ప్రోగ్రాములు చదవగలిగినవాళ్ళు దొరక్క తల పట్టుకుంటున్నారు. వై2కే గోల అయిపోయినా బ్యాంకుల లెక్కలు కోబాల్ మీదే నడుస్తున్నాయి, ఈ రోజుకీ చాలా చోట్ల నడుస్తున్నాయి. అలా మళ్ళీ ఎక్కాను, రిటైరయ్యేదాకా దిగలేదు.

ఇప్పుడు నువ్వు ఏ మనిషి దగ్గర దాస్తున్నావో చూడు. మన వంశంలో ఈ వార్తని పనికొచ్చేలా వాడటం తెలిసిన ఒకే ఒక్కడి దగ్గర.

"నాన్న ఆరోగ్యం బాగాలేదు కదా, బెంగ పెట్టుకుంటాడు" అంటావు. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ కుర్చీలో కూర్చునే మనిషి అన్నయ్య. బెంగ అంటే ఏమిటో ఆయనకి నువ్వు కొత్తగా నేర్పక్కర్లేదు. పైగా ఆ డయాలసిస్ కోసమే నువ్వు ముందుగా చెప్పాలి.

నీ పేరు ఈ నెలాఖరు దాకా పేరోల్లో ఉంటుందన్నావు. అంటే కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సు కూడా అప్పటిదాకానే. మామూలుగా చివరి పనిదినం రోజుతోనే అది ఆగిపోతుంది, తల్లిదండ్రులకి కూడా. ఆ తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే, కిడ్నీ జబ్బున్న డెబ్బై ఏళ్ళ మనిషికి ఇవ్వడమే అరుదు. ఇచ్చినా పాత జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనవచ్చు. అదే గ్రూప్ పాలసీ బతికుండగానే అదే ఇన్సూరెన్సు కంపెనీకి అర్జీ పెట్టి సొంత పాలసీకి మారే దారి ఉంది. ఇన్నేళ్ళు గ్రూపులో ఉన్న కాలం అక్కడ కలిసొస్తుంది. ఇచ్చేదీ లేనిదీ, ప్రీమియం ఎంతన్నదీ వాళ్ళ చేతిలో ఉంటుంది, కానీ అడిగే గడువు మాత్రం నీ చేతిలోంచి జారిపోతోంది. రేపే హెచ్‌ఆర్‌కి, ఇన్సూరెన్సు వాళ్ళకి ఇద్దరికీ మెయిలు పెట్టు. సొంత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, అదొక ఊరట. ఆ అర్జీకి నాన్న మెడికల్ కాగితాలు కావాలి, ఆయన సంతకం కావాలి. ఏం చెప్పి పెట్టిస్తావు సంతకం? ముప్పై ఏళ్ళు పాలసీలు అమ్మిన మనిషి, ఫారం చూడగానే ఆయనకి అర్థమైపోతుంది.

నీ లెక్కల్లో ఏ కాగితం లాగినా ఇలాగే ఇంట్లో ఎవరో ఒకరి దగ్గరికి వెళ్తుంది. ఇంటి లోను నీ పేరా, అమ్మాయి పేరా? మొగుడూ పెళ్ళాలిద్దరిదీ. బ్యాంకుకి వెళ్ళి గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని అడగాలంటే తనూ రావాలి. కిస్తీ తప్పకముందు వెళ్తే మేనేజరు కుర్చీ చూపిస్తాడు, తప్పాక వెళ్తే రికవరీ వాళ్ళ నంబరిస్తాడు. ఒక్క కిస్తీ ఆలస్యమైతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ కింద రాసేస్తారు. క్రెడిట్ కార్డు మీద, ఫోన్లో వచ్చే లోన్ యాపుల మీద మాత్రం చెయ్యి పెట్టకు. అంత అవసరమే వస్తే లాకర్లో బంగారం ఉంది. గోల్డ్ లోన్ వడ్డీ కార్డు వడ్డీ ముందు ఎంత? కానీ ఆ బంగారం అమ్మాయిది, మీ అమ్మది. అక్కడా చెప్పాల్సిందే. గుట్టు చప్పుడు కాకుండా చేయగలిగిన అప్పులన్నీ ఖరీదైన అప్పులేరా, గమనించావా?

పీఎఫ్ ఖాళీ చేయాలన్న ఆలోచన వస్తే ఆపుకో. 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, అంత నమ్మకంగా ఇచ్చే చోటు ఇంకొకటి నీకు లేదు. గ్రాట్యుటీ అడిగావా? అయిదేళ్ళు దాటినవాళ్ళకి అది హక్కు, ఎవరూ దయతో ఇచ్చేది కాదు. చివరి బేసిక్‌ని 15తో హెచ్చవేసి 26తో భాగించి, నిండిన సంవత్సరాలతో హెచ్చవేస్తారు. నీ బేసిక్ 60,000, సర్వీసు 11 ఏళ్ళు అనుకుంటే సుమారు 3,80,000 వస్తుంది. దానిమీద పన్ను కూడా ఉండదు. ఫుల్ అండ్ ఫైనల్ లెక్క చేతికొచ్చాక ఆ అంకె విడిగా ఉందో లేదో చూడు. నిన్ను రాజీనామా చేయమన్నారు, చేసేశావు, సరే, దాని గురించి ఇప్పుడు తగువు పడి లాభం లేదు. రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ లెటరు, ఫారం 16, పీఎఫ్ ఖాతాలో వెళ్ళిపోయిన తేదీ నమోదు, ఇవన్నీ నీ ఆఫీసు మెయిలు మూసేయకముందే అడిగి సొంత మెయిలుకి తెచ్చుకో. మెయిలు మూసేశాక హెచ్‌ఆర్‌ని పట్టుకోవడం ఎంత కష్టమో నీ టీమ్‌లోంచి వెళ్ళినవాళ్ళని అడుగు.

ఇక ఉద్యోగం వెతకడం. నిజం చెప్పు, ఎంతమందికి చెప్పావు? నాకు తెలిసి ఒక్కడికి, వాడూ బెంగుళూరులో ఉన్నవాడు. లింక్డ్‌ఇన్‌లో ఫోటో చుట్టూ ఆ పచ్చ రింగు పెట్టుకోమంటే, "మన చుట్టాలంతా చూస్తారు అత్తా" అన్నావు. రిక్రూటర్లకి మాత్రమే కనబడేలా కూడా పెట్టుకోవచ్చు, ముందు అది పెట్టు. కానీ ఆ చుట్టాలు చూస్తే మాత్రం ఏం? నలభై దాటిన మేనేజర్‌కి పోర్టల్లో పడేసిన రెజ్యూమె వల్ల పని దొరకడం బహు తక్కువ. ఎవడో లోపలివాడు "ఈయన కింద నేను పని చేశాను, పిలిచి చూడండి" అని రిఫరల్ పెడితే కదులుతుంది. నీ చేతి కింద పెరిగిన పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో ఎన్ని కంపెనీల్లో ఉన్నారో! విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకున్న కేంద్రాలు, జీసీసీలు అంటారే, నాస్కామ్ లెక్కలో 2024 నాటికే దేశంలో 1,700 దాటాయి. వాటిలో మంచివాటా మీ ఊళ్ళోనే ఉంది. నీకు ఉద్యోగం లేదని వాళ్ళకి తెలియకపోతే నీకు ఎలా చెబుతారు? నువ్వు గొప్ప ఉద్యోగంలో ఉన్నావనుకుని ఖాళీలు పక్కవాడికి చెప్పేస్తున్నారు.

నువ్వు పంపిన రెజ్యూమె చదివాను. ఆరు పేజీలు. మొదటి వాక్యంలో డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్, ప్రొఫెషనల్ అని మూడు ముక్కలు. మన వీధిలో బీటెక్ రాసిన కుర్రాడి రెజ్యూమె కూడా అదే మొదలు. తర్వాత పేజీ నిండా ఇంతమంది టీమ్‌ని నడిపాను, అంతమంది టీమ్‌ని నడిపాను. అబ్బాయ్, మనుషుల్ని తగ్గించుకుంటున్న కంపెనీకి నేను ఎక్కువమందిని చూసుకున్నానని చెబితే ఏం లాభం?

దీన్ని మనసుకి తీసుకోకుండా విను. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నామన్నప్పుడు మన సర్వీసు కంపెనీల వాళ్ళు అది అమెరికా గొడవ అనుకున్నారు. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో రెండు శాతం, అంటే 12,000 పైచిలుకు మందిని తగ్గిస్తామంది, అదీ ముఖ్యంగా మధ్య వరసలో, పై వరసలో. ఆ మధ్య వరసే నీది. ఫ్రెషర్ జీతం పదేళ్ళకు పైగా మూడున్నర లక్షల చుట్టే తిరుగుతోంది. కింద చవకైన పిల్లలు ఎక్కువమంది, వాళ్ళమీద మేనేజర్లు, అలా పేర్చారు కంపెనీలని. ఇప్పుడు ఆ పిల్లలు చేసే టెస్టింగులో, రిపోర్టుల్లో కొంత ఏఐ చేసేస్తోంది. కింద పిల్లలు తగ్గితే పైన వాళ్ళ హాజరు, స్టేటస్ చూసే మనిషికి పని ఏముంది? నీ పనితనంలో లోపం వెతుక్కుని రాత్రిళ్ళు పొర్లడం అనవసరం. నువ్వు కూర్చున్న కుర్చీనే తీసేశారు.

అయితే నీకు వచ్చిన పని వేరే ఉంది. నాలుగో పేజీలో, చివరి నుంచి మూడో లైనులో దాచావు దాన్ని. 2015 అక్టోబరు 1న అమెరికా ఆసుపత్రులూ ఇన్సూరెన్సు కంపెనీలూ ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారాయి. జబ్బుల కోడ్లు సుమారు 14 వేల నుంచి 70 వేల దగ్గరికి పెరిగాయి. ఒక పెద్ద ఇన్సూరెన్సు క్లయింటుకి ఆ మార్పంతా నడిపినవాడివి నువ్వు. నాకు గుర్తుంది, ఆ ఏడు దసరాకి ఇంటికి రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చే 837 క్లెయిములో ఏ గడి తప్పయితే డబ్బు ఆగిపోతుందో, తిరిగొచ్చే 835లో అది ఎలా కనబడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతావు. ఏఐ కోడ్ రాసి ఇస్తుంది సరే, మోకాలి ఆపరేషన్ కోడ్ పక్కన కంటి జబ్బు కోడ్ పెడితే అందులో తేడా ఉందని పట్టుకునే మనిషి ఎవరో ఒకరు ఆ కంపెనీలకి కావాలి. ఆ సంగతి మొదటి పేజీ మొదటి లైనులోకి తీసుకురా. మిగిలిన అయిదు పేజీలని ఒకటిన్నర చెయ్యి.

కోర్సుల గురించి అడిగావు. రెండు లక్షలు కట్టి ఆరునెలల ఏఐ కోర్సులో చేరతానన్నావు. వద్దు. కోబాల్ బోర్డులు దింపి జావా బోర్డులు, అవి దింపి శాప్, తర్వాత టెస్టింగ్ టూల్స్, తర్వాత డేటా సైన్స్, అమీర్‌పేటలో అదే మెట్ల మీద ఎన్ని బోర్డులు మారాయో నేను చూశాను. నేర్చుకోవద్దనడం లేదు. ఆ టూల్స్ చేతిలో పట్టుకుని నీ క్లెయిముల పనే నాలుగు వారాలు ఇంట్లో చేసి చూడు, ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ బోల్తా కొడుతుందో రాసి పెట్టుకో. ఇంటర్వ్యూలో ఆ కాగితం సర్టిఫికెట్‌కంటే ఎక్కువ మాట్లాడుతుంది. ఇంకొకటి. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్ళు, ఖాళీ నెలలకి దొంగ ఎక్స్‌పీరియన్స్ పుట్టిస్తామనేవాళ్ళు నీ నంబరు పట్టుకుని తప్పకుండా ఫోన్ చేస్తారు. పీఎఫ్ ఖాతాలో ఏ నెల ఎవరు కట్టారో అంతా ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతావు. ఎందుకు బయటికొచ్చావని అడిగితే "మా వరస తీసేశారు" అని చెప్పి తర్వాత ప్రశ్నకి వెళ్ళు. రెండు వాక్యాలు దాటి వివరణ ఇవ్వకు.

ఇప్పుడు అసలైన కష్టమైన సంగతి. అమ్మాయి నాకు ఫోన్ చేసింది. కంగారుపడకు, నీ మీద చాడీలు చెప్పడానికి కాదు. "పిన్నిగారూ, ఈయన తెల్లవారుజామున మూడింటికి లేచి హాల్లో తిరుగుతున్నారు. అన్నం సగంలో లేచిపోతున్నారు. ఏమిటంటే పని ఒత్తిడి అంటున్నారు" అంది. జీతం పడిన మెసేజ్ తన ఫోన్‌కి కూడా వస్తుంది కదా, వచ్చే నెల రాకపోతే ఏమంటావు? నాకైతే తనకి సగం తెలిసిపోయిందనే అనిపించింది. ఉద్యోగం సంగతి తను ఊహించలేదేమో గానీ, అంతకంటే ఘోరమైనవి ఊహించుకుంటోంది. ఆడవాళ్ళు ఊహించుకునేవాటి ముందు ఉద్యోగం పోవడం ఒక శుభవార్తరా!

నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని నీ అంతట నువ్వు తేల్చుకోవాలని చూడకు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే జనం నవ్వుతారు, విశాఖ వాళ్ళు పెదవాల్తేరు అంటే నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడి ఎంతమంది డాక్టరు గడప తొక్కలేదో. ప్రభుత్వం వాళ్ళ టెలిమానస్ నంబరు 14416 ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. హాల్లో తిరిగే ఆ మూడు గంటల వేళ ఆ నంబరు నొక్కు. లేదా నాకు చెయ్యి. ఈ వయసులో నాకూ ఆ వేళకి మెలకువే. ప్రాణం మీద విసుగు అనిపించే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, తెల్లారేదాకా ఆగకు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని లేపు. ఈ ఒక్క విషయంలో నేను సలహా ఇవ్వడం లేదు, ఆజ్ఞాపిస్తున్నాను.

చెప్పడం ఎలా అంటావా? అమ్మాయికి ఈ రాత్రే చెప్పు, పిల్లవాడు నిద్రపోయాక. వంటింట్లో నిలబడి చెప్పకు, ఇద్దరూ కూర్చోండి. ముందు అంకెలు చెప్పు: చేతిలో ఎంత ఉంది, నెలకి ఎంత పోతుంది, ఎన్ని నెలలు లాగుతుంది. రెండో కారు అమ్మేద్దామా, స్కూలు ఫీజు టర్ముల వారీగా కట్టొచ్చా, ఇవి తను నీకంటే బాగా తేలుస్తుంది. బడిలో పని చేసే మనిషి, ఫీజుల సంగతి తనకి తెలియనిదేముంది! దాచినందుకు తిడుతుంది. తిట్టనీ. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాత్రం హక్కు తనకి ఉంది.

నాన్నకి డయాలసిస్ ఉన్న రోజు చెప్పకు, ఆ సాయంత్రం ఆయనకి ఒంట్లో సత్తువ ఉండదు. మధ్యరోజు పొద్దున్నే, పేపరు చదవడం అయ్యాక, ఇన్సూరెన్సు ఫారం చేతికిచ్చి చెప్పు. మనుషులకి చేతిలో ఏదైనా పని పెట్టి చెడువార్త చెబితే తట్టుకుంటారు, ఆయన లాంటివాళ్ళు మరీను. ఒక మాట మాత్రం ముందే చెబుతున్నాను. ఆయన ఆ మర్నాడు డయాలసిస్ సెంటర్‌లో పక్క కుర్చీ ఆయనకి చెబుతాడు, టెక్నీషియన్‌కి చెబుతాడు, క్యాబ్ డ్రైవర్‌కి చెబుతాడు. వారం తిరిగేలోపు నిజాంపేటలో సగం మందికి నీ ఐసీడీ-10 ఘనత తెలిసిపోతుంది, కోడ్ పేరు తప్పు చెబుతాడనుకో. నీకు తల ఎత్తుకోలేనంత సిగ్గనిపిస్తుంది. కాగితం మీద నీ వివరాలు నాలుగు లైన్లు సరిగ్గా రాసి ఆయన జేబులో పెట్టు, చెప్పేదేదో సరిగ్గా చెబుతాడు.

పిల్లవాడికి చెప్పాలా వద్దా అన్నది మీరిద్దరూ చూసుకోండి, అందులో నేను తలదూర్చను.

వచ్చే ఆదివారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను, సోమవారం పొద్దున్నకి మీ ఇంట్లో ఉంటాను. రెండు వారాలు ఉంటాను. ఆ రెండు వారాలూ అన్నయ్యని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. నువ్వు నీ పాత టీమ్ వాళ్ళని ఒక్కొక్కరినీ కలువు, ఫోన్లో కాదు, వెళ్ళి కలువు. రెజ్యూమె కొత్తది శుక్రవారంలోగా పంపితే రైలెక్కేలోపు ఎర్ర పెన్నుతో దిద్ది తెస్తాను. వదినకి ఆవకాయ జాడీ ఒకటి పట్టుకొస్తున్నానని చెప్పు, స్టేషన్‌కి ఎవరూ రానక్కర్లేదు, ఆటో మాట్లాడుకుని వచ్చేస్తాను.

ఇట్లు
మీ అత్తయ్య